మీ ప్రశ్న – నా మాట: వినేవాడి వేషం

పోయిన సంచికలో ఎవరో అడిగితే, నేను చూసిన దుర్మార్గపు పాత్రల్లో నాకు నిద్ర పట్టకుండా చేసినవాడు ‘బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా’ సీరియల్లోని బ్రదర్ కావిల్ అని ఒక ముక్క రాశాను. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం వాటికే.

చూడనివాళ్ల కోసం నాలుగు మాటలు. మనుషులు తయారుచేసిన సైలాన్‌లనే యంత్రాలు తిరగబడి, పన్నెండు గ్రహాల మీది మనుషుల్ని ఒక్క దాడిలో తుడిచిపెట్టేస్తాయి. దాదాపు 50,000 మంది మిగులుతారు. వాళ్లు గెలాక్టికా అనే పాత యుద్ధనౌకను నమ్ముకుని అంతరిక్షంలో పారిపోతూ ఉంటారు. కొత్తరకం సైలాన్‌లు ఇనుప బొమ్మలు కావు. వాటికి ఒళ్లు తెగితే నెత్తురు వస్తుంది, భయం వేస్తే చెమట పడుతుంది. ఒక్కో నంబరుకు ఒకే ముఖంతో ఎన్నో ప్రతులుంటాయి. నంబర్ వన్ పేరే కావిల్. పెద్ద వయసు పూజారి వేషంలో మనుషుల్లో కలిసిపోయాడు. 2003 డిసెంబర్లో మొదలైన ఈ కథ 2009 మార్చిలో ముగిసింది. కింద జవాబుల్లో గుట్టంతా విప్పేస్తున్నాను. చూడాలనుకునేవాళ్లు ఈ పేజీ దాచుకుని, చూశాక చదువుకోండి.

ప్ర: అమ్మా, కావిల్‌కు ఏ దేవుడి మీదా నమ్మకం లేదు. ఇంజనీరుగానో, డాక్టరుగానో దూరొచ్చు కదా. పూజారిగానే ఎందుకు? (పాఠకుడు, అశోక్ నగర్, చెన్నై)

జ: బాబూ, ముందు పైపై జవాబు చెబుతాను, తర్వాత అసలుది.

యుద్ధనౌకలో ప్రతివాడికీ ఒక పని, ఆ పనికి ఒక పైఅధికారి, ఏ గంటకు ఎక్కడుండాలో ఒక కాగితం ఉంటాయి. ఇంజనీరు వేళకాని వేళ ఎక్కడైనా తచ్చాడితే ఎందుకొచ్చావని అడుగుతారు. డాక్టరుకు కేసు షీట్లు, నర్సులు ఉంటారు. పూజారికి ఆ బాదరబందీ లేదు. ఎవరైనా ఎప్పుడైనా అతని గదికి రావచ్చు. ఏడుస్తూ రావచ్చు, వణుకుతూ రావచ్చు, తలుపేసుకుని గంటసేపు మాట్లాడి వెళ్లిపోవచ్చు. బయట నిలబడ్డవాడు చెవి పెట్టకపోగా మర్యాద కొద్దీ రెండడుగులు పక్కకు జరుగుతాడు. 2009లో వచ్చిన ‘ద ప్లాన్’ టెలిఫిల్మ్‌లో దీన్ని బాగా చూపించారు. సీరియల్లో అడ్మిరల్ అడామాగా వేసిన ఎడ్వర్డ్ జేమ్స్ ఓల్మోసే దానికి దర్శకుడు. నౌకల్లో దాక్కున్న సైలాన్‌లు భక్తుల్లా ఒక్కొక్కరే కావిల్ ప్రార్థన గదికి వస్తారు. లోపల జరిగేది మాత్రం ఎవడు ఏం పేల్చాలి, ఎవర్ని చంపాలి అన్న పంపకం.

ఇక అసలు జవాబు. కావిల్ మొదటిసారి కనబడే ఘట్టం రెండో సీజన్ చివర్లో వస్తుంది, 2006 మార్చిలో ప్రసారమైంది. యుద్ధవిమానాలు బాగుచేసే సిబ్బందికి పెద్ద అయిన చీఫ్ టైరల్‌కు రోజూ ఒకే కల. ఎత్తు మీంచి దూకి చచ్చిపోతున్నట్టు. ఒకసారి ఆ కలలో ఉండగా క్యాలీ అనే అమ్మాయి లేపబోతుంది. అతని కింద పనిచేసే పిల్ల, అతనంటే ప్రాణం. సగం నిద్రలో ఆ పిల్లని చావగొట్టేస్తాడు. తెలివొచ్చాక తన చేతులు చూసుకుని తనకే భయం వేసి, పూజారి దగ్గరికి వస్తాడు.

కావిల్ అతన్ని దగ్గరికి తీసుకోడు, తల నిమరడు. దేవుళ్లు దిగొచ్చి నీ చిక్కు విప్పరు, చిక్కు నీ లోపలే ఉంది అన్నట్టు మాట్లాడతాడు. మరి కాసేపటికి సరిగ్గా పుండు ఎక్కడుందో అక్కడే వేలు పెడతాడు. టైరల్ ఇదివరకు ప్రేమించిన బూమర్ సైలాన్. ఆ సంగతి ఆమెకే తెలియకుండా బతికింది. తను కూడా అలాంటివాడేనేమో, తనకు తెలియడం లేదేమో అన్నదే టైరల్ భయం. చావాలని లేదు అతనికి, తనేమిటో తెలుసుకోవాలంటే భయం. నేను సైలాన్ కాదని మీకెలా తెలుసు అని అడుగుతాడు. కావిల్ జవాబేమిటంటే, నేనూ సైలాన్‌నే కాబట్టి, మా మీటింగుల్లో నిన్నెప్పుడూ చూడలేదు కాబట్టి.

ఈ మాటను మనం నాలుగుసార్లు వింటాం. మొదటిసారి పెద్దాయన చమత్కారంగా. తర్వాతి ఎపిసోడ్‌లో, దాడిలో పాడైపోయిన గ్రహం నుంచి రక్షించి తెచ్చినవాళ్లలో అచ్చం ఇదే ముఖం దిగినప్పుడు, ఆ చమత్కారం పచ్చి నిజమని తెలుస్తుంది. ఏడాది తర్వాత, 2007 మార్చిలో, టైరల్ కూడా సైలానే అని బయటపడ్డప్పుడు మళ్లీ గుర్తొస్తుంది. 2009లో అసలు గుట్టు విప్పుతారు. టైరల్ ఎవరో కావిల్‌కు మొదటినుంచీ తెలుసు. అతని జ్ఞాపకాలు తుడిచేసి మనుషుల్లోకి తోసిందే కావిల్. టైరల్ తన తండ్రి పూజారి అని, తల్లి దైవవాక్కు చెప్పే మనిషి అని నమ్ముతాడు. ఆ అమ్మానాన్నల జ్ఞాపకాన్ని తలలో నాటింది కూడా ఇతగాడే.

ఆలోచించు బాబూ. పూజారి ఇంట్లో పెరిగానని నమ్మేవాడు కష్టం వస్తే ఎవరి దగ్గరికి వెళతాడు? పూజారి దగ్గరికే. ఆ వెళ్లే దారి కూడా కావిల్ వేసిందే. దాడి చేసినవాడే కట్టు కట్టేవాడి కుర్చీలో కూర్చున్నాడు. ఎదుటివాడి నొప్పి ఎంత లోతుందో వాడి నోటితోనే వినాలన్న ఆశ కావిల్‌ది. నన్నడిగితే పూజారి వేషం అందుకే.

ప్ర: సైలాన్‌లు దేవుణ్ణి నమ్ముతాయా, నమ్మవా? ఒక్కో ఎపిసోడ్‌లో ఒక్కో రకంగా ఉంది. (అంబత్తూరు)

జ: మనుషులకు అనేకమంది దేవుళ్లు, వాళ్లను కోబోల్ దేవుళ్లంటారు. సైలాన్‌లలో ఎక్కువమంది దేవుడు ఒక్కడే అంటారు, గట్టిగా నమ్ముతారు. కావిల్ రెంటికీ చెందడు. తనవాళ్ల ఒక్క దేవుణ్ణీ నమ్మడు, తను పూజారిగా ఉన్న అనేకమంది దేవుళ్లనూ నమ్మడు.

ప్ర: మేడమ్, నేను వడపళనిలో డబ్బింగ్ రచన నేర్చుకుంటున్నాను. ‘బ్రదర్ కావిల్’ని తెలుగులో ఏమనాలి? (పేరు వద్దన్నారు)

జ: ఇరవై రెండేళ్లు కోడంబాకం, సాలిగ్రామం థియేటర్లలో ఇదే పని చేశాను కాబట్టి సంతోషంగా చెబుతాను. ముందు పెదవులు చూడు. ‘బ్రదర్’ అన్నప్పుడు మొదటి అక్షరానికే రెండు పెదవులూ మూసుకుంటాయి. ‘సోదరా’లో పెదవి మూతపడే అక్షరమే లేదు. క్లోజప్‌లో పెట్టామంటే నోరు ఒకటి, మాట ఒకటి అవుతుంది. ‘స్వామీ’లో మకారం ఉంది కానీ చివర్లో వస్తుంది, లిప్ కుదరదు. ‘అయ్యగారు’ అని మన కోస్తా జిల్లాల చర్చిల్లో పాస్టర్‌ను పిలుస్తారు, ఎంతో అందమైన పిలుపు, కానీ కావిల్ క్రైస్తవుడు కాడు. బహుదేవతల పూజారి. ‘పూజారిగారూ’ అంటే పెదవి కలుస్తుంది, అర్థమూ కలుస్తుంది. కానీ మన పూజారి హారతి ఇస్తాడు, శఠగోపం పెడతాడు, గోత్రం అడుగుతాడు. పక్కన కూర్చోబెట్టుకుని మన బాధ వినడం ఆయన డ్యూటీలో లేదు. కావిల్ పనంతా వినడమే.

నేనైతే ‘బ్రదర్’నే ఉంచేస్తాను, వెనక ‘గారు’ కలుపుతాను, వ్యవధి చాలినచోట. ప్రార్థన కూటాలకు వెళ్లే తెలుగువాళ్లు ‘బ్రదర్‌గారు’ అని రోజూ అంటారు. వెళ్లనివాళ్లకూ అర్థమవుతుంది. ఆ పిలుపులో ఒక చనువుంది. తండ్రి కాదు, గురువు కాదు, తోడబుట్టినవాడు. ఆ చనువునే కావిల్ వాడుకుంటాడు కాబట్టి దాన్ని పోనివ్వకూడదు. ఇంకొక్క మాట. గొంతు ఇచ్చే ఆర్టిస్టుకు ‘విలన్’ అని చెప్పకు. చెబితే మొదటి సీన్‌లోనే గొంతులో బరువు పెట్టేస్తాడు. రోజుకు పాతికమంది గోడు విని అలసిపోయిన మనిషి అని చెప్పు, చాలు.

ప్ర: ఇటువంటి కపట సన్యాసులు మన సాహిత్యంలో కోకొల్లలు. ఈ విదేశీ కథలో కొత్తదనమేమున్నది? (విశ్రాంత ఉపాధ్యాయుడు, తిరుత్తణి)

జ: మాస్టారూ, నమస్కారం. కోకొల్లలన్న మాట నిజమే. రావణుడు సీతమ్మ గుమ్మంలో నిలబడ్డది సన్యాసి వేషంలోనే. విక్రమార్కుడికి రోజుకో పండులో రత్నం పెట్టి ఇచ్చి, చివరికి బలి ఇవ్వాలని చూసిన భిక్షువు చిన్నప్పుడు మనందరి రాత్రుల్నీ భయపెట్టినవాడే. అర్థశాస్త్రంలో కౌటిల్యుడు గూఢచారుల్లో తాపసులకు ప్రత్యేకంగా చోటిచ్చాడు. ఊరి బయట శిష్యులతో మకాం పెట్టాలి, నెలకో రెణ్ణెల్లకో ఒక పిడికెడు ఆకుకూర నలుగురూ చూస్తుండగా తినాలి, ఇష్టమైన భోజనం చాటుగా చెయ్యాలి అని. పోయిందనుకున్న ఆ గ్రంథం తాళపత్ర ప్రతిని 1905లో మైసూరు ప్రాచ్య గ్రంథాలయంలో గుర్తించి, 1909లో అచ్చు వేయించినవారు ఆర్. శామశాస్త్రిగారు. చాటుగా తినే భోజనం దాకా ఆలోచించి రాసిన ఆ వివరం చదివినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

అయితే కావిల్‌కు దగ్గరి చుట్టాలు వీళ్లెవరూ కారు. ఇద్దరున్నారు, ఇద్దరూ పిల్లులే.

ఒకటి మీరు ఎన్ని తరాల పిల్లలకో చెప్పి ఉంటారు. ఈ మద్రాసులోనే కూర్చుని పరవస్తు చిన్నయసూరి రాసి 1853లో వెలువరించిన నీతిచంద్రికలోని దీర్ఘకర్ణం. జువ్విచెట్టు తొర్రలో జరద్గవమనే ముసలి గద్ద. కళ్లు కనబడవు, గోళ్లు అరిగిపోయాయి. చెట్టు మీది పక్షులు తమ తిండిలో ఇంత పెడితే తిని, వాటి పిల్లలకు కాపలా కాస్తుంది. పిల్లి వస్తుంది. గద్ద పొమ్మంటుంది. అప్పుడు పిల్లి తన తపస్సు గురించి, చాంద్రాయణ వ్రతం గురించి చెబుతుంది. దాంతో ఆగదు. నువ్వు ధర్మం తెలిసినదానివని పక్షులు చెప్పుకుంటుంటే విన్నాను, నీ దగ్గర ధర్మం వినడానికి వచ్చాను అంటుంది. మాస్టారూ, మనం తపస్సు మాట దగ్గర ఆగిపోతాం. గద్ద పడిపోయింది మాత్రం రెండో మాటకు. కళ్లులేని ముసలిదాని మాట వినడానికి ఒకరు వచ్చారు. కావిల్ పట్టింది సరిగ్గా ఈ కిటుకునే.

ఆ కథ చివర ఇంకా బాధ పెడుతుంది. పిల్లి పిల్లల్ని తిని ఎముకలు తొర్రలో పడేసి పారిపోతుంది. పక్షులు వచ్చి ఎముకలు చూసి గద్దను పొడిచి చంపుతాయి. నమ్మినవాడికి శిక్ష, నమ్మించినవాడికి తప్పించుకునే దారి.

రెండో పిల్లి మహాబలిపురంలో ఉంది. ఇక్కణ్ణించి అరవై కిలోమీటర్ల లోపే. అర్జున తపస్సు అని చూపించే ఏడో శతాబ్దపు పల్లవుల బండ మీద, ఎడమ వైపు పైన ఒక మనిషి ఒంటికాలి మీద చేతులెత్తి తపస్సు చేస్తుంటాడు. కుడివైపు కింద పెద్ద ఏనుగు దంతాల దగ్గరికి వంగి చూడండి. ఒక పిల్లి వెనక కాళ్ల మీద నిలబడి, ముందు కాళ్లు రెండూ పైకెత్తి, అచ్చం అదే భంగిమలో ఉంటుంది. దాని దగ్గర ఎలుకలు. శిల్పి ఆ మనిషి చేతులకూ పిల్లి చేతులకూ తేడా పెట్టలేదు. నేను మొదటిసారి చూసినప్పుడు ఆ బండ దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. వేషం అంత బాగా కుదిరితే ఎలుక ఏం చేస్తుంది?

ఈ పిల్లి కథ ఉద్యోగపర్వంలో ఉంది. గంగ ఒడ్డున చేతులెత్తి నిలబడ్డ పిల్లిని ఎలుకలు నమ్మి, తమ పిల్లల్నీ ముసలివాళ్లనీ అప్పగిస్తాయి. పిల్లి లావెక్కుతుంది, ఎలుకలు తగ్గిపోతాయి. చివరికి ఒక ముసలి ఎలుక పట్టుకుంటుంది. కందమూలాలు తినేవాడి మలంలో వెంట్రుకలుండవు అని. మాటలో ఎక్కడా దొరకని పిల్లి అలా దొరికిపోయింది. కావిల్ కూడా మాటలో దొరకలేదు. తన ముఖం ఉన్న రెండోవాడు వచ్చి ఎదురుగా దిగితే దొరికాడు. ఇక మీరడిగిన కొత్తదనం. మన పిల్లులకు కావలసింది తిండి. కావిల్‌కు కావలసింది ఎదుటివాడు నొప్పితో నేర్చుకోవడం. మనుషులు గొప్పవాళ్లు కారని వాళ్ల చేతే ఒప్పించాలి అతనికి. ఆ ఆకలికి మన పాత కథల్లో పోలిక నాకు దొరకలేదు.

ప్ర: కావిల్‌గా వేసిన ఆయన ఎవరు? (మాధవరం)

జ: డీన్ స్టాక్‌వెల్. 1936లో పుట్టారు, 2021 నవంబర్‌లో పోయారు. బాలనటుడిగా మొదలుపెట్టి అరవై ఏళ్లకు పైగా నటించారు. తమాషా ఏమిటంటే 1950లో వచ్చిన ‘కిమ్’ సినిమాలో కిమ్ ఆయనే. బ్రిటిష్ కాలపు మన దేశంలో ఒక లామా వెంట శిష్యుడిగా తిరుగుతూ గూఢచారి పని నేర్చుకునే కుర్రాడు. పదమూడు పద్నాలుగేళ్లప్పుడు సాధువు పక్కన నడిచిన గూఢచారి, డెబ్బయ్యో ఏట సాధువే గూఢచారి. ఆ రెండు ముఖాలూ పక్కపక్కన పెట్టి చూడండి, చిన్నప్పటి ఆ చురుకు చూపు చివరిదాకా పోలేదు.

ప్ర: అక్కా, నాకు కావిల్ మీద జాలి వేసింది. నక్షత్రం పేలడం చూశాను, కానీ ఈ కళ్లతో చూడాల్సి వచ్చింది అని అరిచే సీన్‌లో ఏడ్చాను. ఇంత చెడ్డవాడి మీద జాలి పడటం తప్పా? (ఇంజనీరింగ్ విద్యార్థిని, గిండీ)

జ: తప్పేం కాదు తల్లీ. నేనూ ఏడ్చాను.

చదివేవాళ్ల కోసం ఆ సీన్ చెబుతాను. కొత్తరకం సైలాన్‌లను తయారుచేసినవాళ్లు ఐదుగురు, టైరల్ కూడా వాళ్లలో ఒకడే. వాళ్లలో ఎలెన్ అనే ఆవిడ మొదటివాణ్ణి తన తండ్రి పోలికలతో చేసి, తండ్రి పేరే, జాన్ అని పెట్టుకుంది. వాడే కావిల్. వాడికి ఆ పేరంటే మంట. కన్నతల్లి లాంటి ఆవిడను ఎదురుగా కూర్చోబెట్టుకుని నిలదీస్తాడు. ఒక మహా నక్షత్రం పేలి ఆరిపోవడం చూశాను, సృష్టిలో అంతకన్నా వైభవం లేదు, దాన్ని ఈ మెత్తటి గుడ్లతో చూడమన్నావు, నాకు ఎక్స్‌రేలు వినాలని ఉంది, గామా కిరణాలు చూడాలని ఉంది అంటాడు. నన్ను యంత్రంగా ఉంచకుండా మనిషిని ఎందుకు చేశావన్నది వాడి గోడు.

వాడు చెప్పిన లెక్క తప్పేం కాదు. మన కన్ను అందుకునేది సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య వెలుగు మాత్రమే. దానికి అటూ ఇటూ ఉన్నదంతా మనకు చీకటే. అది తెలిసి బతకడం బాధే. తండ్రి పోలిక, తండ్రి పేరు, తండ్రి ముసలితనం తనను అడక్కుండా ఒంటికి తొడిగేస్తే కోపం రావడం కూడా న్యాయమే.

కానీ ఆ కోపంతో ఏం చేశాడో చూడు. ఏడో నంబరు డేనియల్ అనే తమ్ముణ్ణి ఎలెన్ ఎక్కువగా ప్రేమిస్తోందని, ఆ ప్రతులు పెరిగే ద్రవంలో విషం కలిపి ఆ వంశమే లేకుండా చేశాడు. తయారుచేసిన ఐదుగురినీ చంపి, చచ్చినా కొత్త ఒంట్లో మళ్లీ లేచే సైలాన్‌లు కాబట్టి లేచేటప్పుడు జ్ఞాపకాలు చెరిపి, మనుషుల మధ్య పడేసి, యుద్ధంలో నలిగిపోతుంటే పక్కన నిలబడి చూశాడు. మనుషులు కొన్నాళ్లు తలదాచుకున్న కొత్త కాప్రికా గ్రహం మీద ఎలెన్ తన భర్తను జైలు నుంచి విడిపించుకోవడానికి వస్తే, ఆవిడ తనకు ఏమవుతుందో తెలిసి తెలిసీ ఆమె శరీరాన్ని వెలగా అడిగాడు. ‘ద ప్లాన్’లో తన పేరే ఉన్న జాన్ అనే అనాథ పిల్లవాడు వాడి పక్కన చేరతాడు. వాణ్ణి కూడా చంపేస్తాడు. నాకు అన్నిటికన్నా కష్టమనిపించింది అదే. తనను ఏమీ అడక్కుండా ప్రేమించిన ఒకే ఒక్క ప్రాణి వాడు.

నువ్వు ఇంజనీరింగ్ చదువుతున్నావు కాబట్టి ఇది చెప్పాలనిపిస్తోంది. 2015 సెప్టెంబర్ 28 ఉదయం మా వీధివాళ్లం డాబా ఎక్కి ఉత్తరం వైపు చూస్తూ నిలబడ్డాం. శ్రీహరికోట నుంచి ఆస్ట్రోశాట్ వెళుతోంది. అతినీలలోహిత కిరణాల్లో, ఎక్స్‌రేల్లో ఆకాశాన్ని చూసే మన దేశపు ఉపగ్రహం. పక్కింటి ఎనిమిదేళ్ల పిల్ల అదేం చేస్తుందని అడిగితే, మన కళ్లకు కనబడనిది చూసి మనకు చెబుతుందమ్మా అన్నాను. కావిల్ తిట్టుకున్న ఆ మెత్తటి కళ్లున్నవాళ్లే దాన్ని చేశారు, ఏళ్ల తరబడి, ఒకరి లెక్క ఒకరు సరిచూసుకుంటూ. వాడికీ ఆ దారి ఉండింది. తోబుట్టువులు ఉన్నారు, తెలివి ఉంది, చావు లేదు. జాలి పడు తల్లీ, మనసారా పడు. వాడు చేసిన పనుల జాబితాలోంచి మాత్రం ఒక్కటి కూడా కొట్టెయ్యకు.

ప్ర: అమ్మా, నా ప్రశ్న సీరియల్ గురించి కాదు. మా ఇంట్లో గొడవలు పడలేక, ప్రతి వారం ఆధ్యాత్మిక ప్రసంగానికి వచ్చే ఒక పెద్దాయనకు నా బాధంతా చెప్పుకున్నాను. కూతురిలా భావించి చెప్పమ్మా అన్నారు. ఆరు నెలల తర్వాత నా మాటలే, నేనన్న మాటల్లోనే, మా అత్తగారి నోట విన్నాను. అప్పటినుంచి ఎవరితోనూ ఏమీ చెప్పడం లేదు. నాదే బుద్ధి తక్కువ అని రోజూ అనుకుంటాను. మీరు కావిల్ గురించి రాసింది చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. (పాఠకురాలు, వేళచ్చేరి)

జ: తల్లీ, నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆ సీరియల్ నాకు నిద్ర లేకుండా ఎందుకు చేసిందో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నీకు చెబుతాను.

1998లో మా అమ్మకు ఈ ఊళ్లోనే ఒక ఆస్పత్రిలో కడుపు ఆపరేషన్ అయింది. పగలంతా నాకు థియేటర్లో పని. సాయంత్రం వెళ్లేసరికి ఆలస్యమయ్యేది. వార్డుకు ఒకాయన వచ్చేవారు. తెల్ల జుబ్బా, నుదుట విభూతి, మెడలో తులసిమాల. రోగులకు ధైర్యం చెప్పడం తన సేవ అన్నారట. నేను చూసిన మొదటి రోజు అమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని బత్తాయి ఒలుస్తున్నారు. తొక్క తీసి, తొన విడదీసి, ఒక్కో తొన మీది తెల్ల పీచును దారం దారంగా లాగి, గింజ తీసి, అమ్మ అరచేతిలో పెడుతున్నారు. తొందర లేదు. అమ్మ మాట్లాడుతోంది, ఆయన వింటున్నారు. నేను వెళితే లేచి నమస్కారం పెట్టారు. ఆ రాత్రి అమ్మ మాత్ర లేకుండా నిద్రపోయింది.

ఐదారు సాయంత్రాలు వచ్చారు. మా తాతగారి పొలంలో తన వాటా గురించి, సంతకం పెట్టనన్నందుకు పుట్టింట్లో ఎవరు ఏమన్నారో, నాన్న పోయినప్పుడు ఎవరు ఎంత అప్పు ఇచ్చారో, అన్నీ చెప్పుకుంది. అమ్మ ఇంటికి వచ్చిన మూడో నెలలో పొలం తగువు పంచాయితీకి వచ్చింది. ఎదుటి పక్షంవాళ్లు అమ్మ ఆస్పత్రి మంచం మీద అన్న మాటలు పొల్లుపోకుండా అప్పజెప్పారు. ఆయన వాళ్లకు తెలిసిన మనిషి. వాళ్లు పంపిస్తేనే వచ్చాడు. వాటా పోయింది. అది పోతే పోయింది. పెద్దలందరి ముందు, ఆడదానికి నోరు ఆగకపోతే ఇంతే అని మా బంధువొకాయన అన్నాడు. ఎవరూ కాదనలేదు. అమ్మ తల వంచుకుంది. గద్దను పొడిచిన పక్షుల కథ నాకెందుకు అంత బాధో ఇప్పుడు తెలిసిందా?

నీది బుద్ధి తక్కువ కాదు. దెబ్బ తగిలినవాళ్లు ఎవరితోనైనా చెప్పుకోవాలనుకోవడం దాహం వేస్తే నీళ్లు అడగడం లాంటిది. చెప్పమ్మా అని అడిగి తీసుకున్నవాడిది ఆ మాటల బాధ్యత. దాటించింది వాడు. తల వంచుకోవలసింది వాడు. ఆ పంచాయితీలో ఈ మాట నేను గట్టిగా అనలేకపోయాను. ముప్పయ్యేళ్లు కూడా నిండని పిల్లని, పెద్దవాళ్ల ముందు నోరు పెగల్లేదు. అందుకే ఇక్కడ, అందరూ చదివే చోట అంటున్నాను.

ఇక చెయ్యవలసింది. ఆయనకు దూరంగా ఉండు. నిలదియ్యాలని వెళ్లకు, అక్కడ నువ్వు చెప్పే ప్రతి మాటా మళ్లీ ప్రయాణం చేస్తుంది. ఇంట్లో గొడవ అలాగే ఉందని నీ ఉత్తరం వరసల మధ్య తెలుస్తోంది. అది లోపల పెట్టుకుని ఉండకు. ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలి మానస్ ఉంది, 14416కు ఫోన్ చేస్తే శిక్షణ ఉన్నవాళ్లు మాట్లాడతారు, తెలుగులో కూడా. డబ్బు అడగరు. నీ ఇంటివాళ్లతో చుట్టరికం ఉండదు. మొదటిరోజే అంతా చెప్పక్కర్లేదు. చిన్న విషయం ఒకటి చెప్పి, వాళ్లు ఎలా వింటారో చూసి, ఇష్టమైతే రెండోది చెప్పు. చెయ్యి ఎత్తేదాకా గొడవ వెళితే మాత్రం ఆ రోజే 181కి చెయ్యి, అది మహిళల హెల్ప్‌లైన్.

మా అమ్మ సంగతి కూడా అడుగుతావు కదా. చాలా ఏళ్లు కొత్తవాళ్లతో పొడిపొడిగానే మాట్లాడింది. 2004లో మళ్లీ ఆస్పత్రిలో చేరింది, వేరే ఆస్పత్రి. ఒక సాయంత్రం నేను పని ముగించుకుని టిఫిన్ క్యారియర్‌తో వెళ్లేసరికి, రాత్రి డ్యూటీ ఆయాతో ఏదో చెబుతోంది. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. మా నాన్న గురించి చెబుతోంది, ఆయన సైకిలు, ఆయన దగ్గు, పోయే ముందు రోజు అడిగిన మాగాయ పచ్చడి. ఆయా చీపురు గోడకు ఆనించి, మంచం పట్టె మీద కూర్చుని వింటోంది.